ఒకే జవాబుకు రెండు పేర్లు

హోటళ్ల దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఇస్త్రీ విభాగమంతా ఆమె చేతి మీదుగానే నడిచేది. పొద్దస్తమానం ఆవిర్లో మసలుతుందని తోటివాళ్లు ఆమెను ఆవిరమ్మ అనేవారు. తండ్రి చనిపోయిన ఏడాది ఆమెను పిలిచి పని ఇచ్చింది, నేర్పింది అక్కడి మేనేజరే. అందుకే ఆమె ఆయన్ని నోరారా బాబాయ్ అని పిలిచేది.

రిటైరవబోతూ తన కుర్చీకి దరఖాస్తు పెట్టమని ఆమెను ముందుకు తోసింది కూడా ఆయనే. "నీకు కాక ఇంకెవరికిస్తారమ్మా? లోపల నేనున్నాగా!" అన్నాడు. ఇంటర్వ్యూ చేసే ముగ్గురిలో ఆయనా ఒకడు.

పోటీకి వచ్చింది డెలివరీ బండ్లు చూసే అతను. పనివాడు పదేపదే ఆలస్యంగా వస్తే ఏం చేస్తారని ఇద్దరినీ అడిగారు. ఒకసారి చెప్పి చూస్తాం, వినకపోతే ఆ పూటకి ఇంటికి పంపేస్తామని ఇద్దరూ అన్నారు. బయటికొచ్చాక ఆ సంగతి చెప్పుకుని నవ్వుకున్నారు కూడా.

ఉద్యోగం అతనికి వచ్చింది. సరే, ప్రాప్తం ఇంతే అనుకుని ఆమె ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్లిపోయింది. మధ్యాహ్నం టీ గ్లాసుతో బాబాయ్ వచ్చి, ఓదార్చబోయి నోరు జారాడు.

"అతనిది క్రమశిక్షణ అన్నారమ్మా. నీది మరీ కరుకుతనమట."

"ఇద్దరం ఒకే మాట చెప్పాం కదా బాబాయ్. మీరేమన్నారు?"

ఆయన గ్లాసులోకి చూశాడు. "నేనూ అదే అన్నాను. నువ్వటు వెళ్తే ఇస్త్రీ ఎవరు చూస్తారు చెప్పు?"

"మరి నన్నెందుకు దరఖాస్తు పెట్టమన్నారు?"

"ఒక్కడే ఉంటే బాగోదు కదా... పోటీ పెట్టామని చూపించాలిగా."

పరాయివాళ్లు కాదంటే ఆమెకు ఇంత బాధ ఉండేది కాదు. "ముందే చెప్పుంటే పెట్టేదాన్నే కాదు సార్," అంది. ఆ తర్వాత ఆమె నోట బాబాయ్ అన్న పిలుపు రాలేదు.

"పోనీలేవే, ఉప్పు తిన్న చోటు," అంది తల్లి ఇంట్లో.

"ఉప్పు నేను తిన్నానా, నన్నే ఉప్పులో ఊరేశారా అమ్మా?"

వీడ్కోలు సభలో ఆయనకు పూలగుచ్ఛం ఇమ్మంటే ఆమె వెళ్లలేదు. కొన్నాళ్లకు ఆసుపత్రి లాండ్రీలో మామూలు పనికి కుదిరింది. వెళ్లొద్దని కొత్త మేనేజరు బతిమాలితే, "నీ మీద కోపం లేదయ్యా. నువ్వెందుకు గెలిచావో నీకూ తెలీదు," అంది.

కొత్తచోట మనుషులు మంచివాళ్లే. కానీ పని బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే, దీని వెనక ఏముందోనని ఇప్పటికీ ఆమెకు గుండె గుభేలుమంటుంది.