రెండు కార్డులకీ బొట్టే

ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో జరిగిన ఒక సీమంతాన్ని నేనొక్కదాన్నే, కుర్చీలోంచి లేవకుండా, పదకొండు నిమిషాల్లో తుడిచిపెట్టేశాను. గాజులు, గంధం, హారతి, పాటలు, ఏదీ మిగల్లేదు. తుఫానుకి కూడా అంత శుభ్రంగా తుడవడం చేతకాదు. ఎలా జరిగిందో చెబుతాను, మీరు నవ్వుకోవచ్చు. కానీ మీ ఇంట్లో చిటికెన వేలి గోరంత నల్ల మెమరీ కార్డులు రెండుంటే, ముందు వాటిని వేరువేరు గదుల్లో పెట్టి వచ్చి కూర్చోండి.

దీనికి మూలం తెనాలిలో ఉంది. చిన్నప్పుడు మా ఇంట్లో టీవీకి తగిలించే క్యాసెట్ల వీడియో గేమ్ ఉండేది. ఒక రిమోట్ మా అన్నయ్యది, రెండోది నాది. నాలుగేళ్లపాటు నాలుక బయటపెట్టి మరీ ఆడాక తెలిసింది, నా రిమోట్ వైరు టీవీ వెనక ఊరికే వేలాడుతోందని. "సంతోషంగానే ఉన్నావుగా, ఇంకేం కావాలి?" అన్నాడు మా అన్నయ్య, నాకేదో ఉపకారం చేసినట్టు. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

అందుకే ఇరవై తొమ్మిదేళ్ల వయసులో, ఇక్కడి ఆసుపత్రిలో అపాయింట్‌మెంట్ల డెస్క్ దగ్గర ఉద్యోగం చేసుకుంటూ, అరచేతిలో ఇమిడే ఆటల యంత్రం ఒకటి తెప్పించుకున్నాను. పాత ఆటలన్నీ అందులో ఆడుకోవచ్చు. లోపల నడిచేది లినక్స్ అనే సిస్టమ్. లినక్స్ గురించి నాకు తెలిసిందల్లా దాని పేరే. వీడియోల్లో మాత్రం అందరిదీ ఒకటే మాట: "దాంతో వచ్చే కార్డు నాసిరకం. మంచి కార్డు కొని, కంప్యూటర్‌లో పెట్టి, సిస్టమ్ మీరే ఎక్కించుకోండి. పది నిమిషాల పని." పది నిమిషాల పని అన్నవాళ్లని జీవితంలో నమ్మకండి.

కార్డులు జతగా వచ్చాయి. అచ్చు కవలలు. ఒకటి ఆటల యంత్రానికి, ఇంకోటి నా కెమెరాకి. కెమెరా ఎందుకంటే, ఆ శనివారమే స్వప్న సీమంతం.

స్వప్న, వాళ్లాయన మహేశ్ మా ఇంట్లోనే కింద గదిలో ఉంటారు, నేను పై గదిలో. వాళ్లది కరీంనగర్. స్వప్న వాళ్లమ్మగారు లలితమ్మగారు అక్కడ బడికి హెడ్‌మిస్ట్రెస్. సెలవు దొరికేది ఒకేసారి కాబట్టి పురుటికే రావాలని టికెట్ తీసుకున్నారు. సీమంతానికి లేనన్న బెంగ ఆవిడకి లోపల గట్టిగానే ఉంది. "ఫోటోలల్లనన్న కండ్లనిండ సూస్కుంట బిడ్డా" అని నాకు ఫోన్ చేసి మరీ చెప్పారు. సీమంతానికి అద్దెకి తీసుకున్న హాల్లో సిగ్నల్ ఉండదు, వీడియో కాల్ కుదరదు. అంటే ఆవిడకి దక్కేది నా ఫోటోలే.

అంత బాధ్యత నెత్తిన పడితే మామూలు మనిషి వణుకుతుంది. నేను విర్రవీగాను. "అందరూ ఫోన్లు లోపల పెట్టేయండి. ఫోన్లు అడ్డమొస్తే ఫోటోలు పాడవుతాయి. నేనున్నాగా!" అని హాలంతా వినబడేలా ప్రకటించాను. పక్కింటి విజయా ఆంటీ ఇంకో అడుగు ముందుకేసి, అందరి ఫోన్లూ సంచీలో వేయించి మూతి ముడేశారు. హైదరాబాద్ నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లుగా ఈ వీధిలో ఉంటున్న ఆంటీ మాటకి ఎదురుండదు.

ఆ రోజు పొద్దున నేనొక తెలివైన పని చేశాను. నా తెలివైన పనులన్నీ ఇలాగే ముగుస్తాయి. కొత్త వస్తువు కదా అని ఆటల యంత్రాన్ని వంటింట్లో దేవుడి అరలో పెట్టి పసుపు, కుంకుమ అద్దాను. కవల కార్డుల్లో యంత్రానికి పోయేదానికి అగరుబత్తి పుల్లతో చిన్న కుంకుమ బొట్టు పెట్టి అక్కడే ఉంచాను. పుణ్యానికి పుణ్యం, గుర్తుకి గుర్తు. బొట్టు ఉన్నది ఆటలకి, లేనిది కెమెరాకి. సీమంతం అయ్యాక కెమెరాలోంచి కార్డు తీసి, దేవుడి దగ్గరైతే పోదని అదే అరలో పెట్టాను.

ఆదివారం మధ్యాహ్నం అరలో చెయ్యి పెట్టాను. బొట్టున్న కార్డు తగిలింది. తీసి ల్యాప్‌టాప్‌లో గుచ్చాను. "ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సమ్మతమేనా?" అని అడిగింది. సమ్మతమే అన్నాను. ఏది అడిగినా సమ్మతమే అనడం మన అలవాటు కదా, ఎవరు చదువుతారు? ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు, ఆత్రగత్తెకి ఆ మట్టు కూడా ఉండదు. పదకొండు నిమిషాలకి పని పూర్తయింది. కార్డు యంత్రంలో పెడితే బొమ్మ వచ్చింది, పాట మోగింది. మీటలు నేను నొక్కితే బొమ్మ ఎగిరింది! నా మాట వింటోంది! గంటసేపు ఒళ్లు తెలియకుండా ఆడాను.

అప్పుడు కిందనుంచి స్వప్న కేకేసింది.

"అక్కా! అమ్మ పొద్దటిసంది అడుగుతున్నది. ఫోటోలు పంపినవా?"

"ఇదిగో, ఇప్పుడే!"

వంటింట్లోకి దిగి రెండో కార్డు తీశాను. దాని మీద కూడా బొట్టు ఉంది.

నాకు కాసేపు అర్థం కాలేదు. గోకి చూశాను, కుంకుమే. ల్యాప్‌టాప్‌లో పెట్టాను. ఖాళీ. తీసి, ఊది, మళ్లీ పెట్టాను. ఖాళీయే. ల్యాప్‌టాప్ పట్టుకుని మెట్ల మీదే కూలబడ్డాను. పైన నా గదిలో ఆటల యంత్రం హుషారుగా పాట పాడుతూనే ఉంది.

"పంపినవా అక్కా?"

"ఎడిటింగ్... ఎడిటింగ్ చేస్తున్నా!"

ఇది ఫోటోలు తీసేవాళ్లందరూ ఆడే అబద్ధమే. కాకపోతే వాళ్ల దగ్గర ఫోటోలుంటాయి.

ఆ తర్వాతి మూడు రోజులు నేను అన్నం తినలేదు, అన్నమే నన్ను తింది. చేతులు కాలాక వీడియోలు పట్టుకున్నాను. పోయిన ఫోటోలని వెతికి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది. డ్యూటీ నుంచి రాగానే గది తలుపేసుకుని దాని ముందు కూర్చునేదాన్ని. అది ఒక్కో శాతం నడుస్తుంటే కింద స్వప్న మెట్లెక్కుతున్న చప్పుడు వినబడేది. నిండు నెలల మనిషి, ఒక్కో మెట్టుకీ ఆగి ఊపిరి పీల్చుకుని మరీ వచ్చేది. ఆ చప్పుడు దగ్గరయ్యేకొద్దీ నా గుండె దూరంగా పారిపోయేది.

"అమ్మ లైన్ల ఉన్నది, మాట్లాడు అక్కా" అని ఫోన్ చేతిలో పెట్టింది ఒకసారి.

"బిడ్డా, రంగులు గింగులు ఏం వద్దు. ఉన్నయి ఉన్నట్టు పంపు" అన్నారు లలితమ్మగారు.

"అలాగే ఆంటీ" అన్నాను. ఉన్నవి ఉన్నట్టు పంపాలంటే ఖాళీ కవరు పంపాలి.

బుధవారానికి ఫలితం తేలింది. నేను ఎక్కించిన సిస్టమ్ కార్డు మొదటి భాగం మీద పడి కూర్చుందట. అక్కడున్న ఫోటోలకి ఇక మోక్షమే. చివరి భాగంలోవి మాత్రం బతికాయి. సీమంతంలో చివర్న ఏముంటుంది? భోజనాలు! గాజులు తొడగడం లేదు, గంధం రాయడం లేదు, హారతి లేదు. పులిహోర నములుతున్న జనం మాత్రం వరసగా తిరిగొచ్చారు. విజయా ఆంటీ గారె నోట్లో పెట్టుకుంటున్న ఫోటోలే ఆరున్నాయి.

ఇంక దాచడం నా వల్ల కాలేదు. వంటింట్లో స్వప్న, మహేశ్, ఆంటీ టీ తాగుతున్నారు. నన్ను చూసి స్వప్నే అడిగింది.

"అక్కా, నిజం చెప్పు. ఫోటోలు మంచిగ రాలేదా?"

"చాలా బాగా వచ్చాయి. కానీ ఇప్పుడు లేవు."

అంతా చెప్పాను. లినక్స్, బొట్టు, పదకొండు నిమిషాలు. స్వప్న కప్పు కింద పెట్టింది. "అమ్మకు ఏమని చెప్పాలె?" అని ఒక్క మాట అని ఏడ్చేసింది. తిట్టినా బాగుండేది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"అసలు రెండో కార్డు మీదికి బొట్టెలా వచ్చిందో..." అని గొణిగాను.

విజయా ఆంటీ గొంతు సవరించుకున్నారు. "నేనే పెట్టిన."

"మీరా?"

"ఆదివారం పొద్దుగాల నా పళ్లాలు తీస్కపోతందుకు వచ్చిన. దేవుని ముంగట రెండున్నయ్. ఒకదానికి బొట్టున్నది, ఇంకోటి బోసిగున్నది. సూస్కుంట ఎట్ల పోవాలె?"

ఆంటీయే తేరుకుని తీర్పు చెప్పారు. "ఏడువకు బిడ్డా. ఎల్లుండి శుక్రవారం మళ్ల చేద్దాం. గవే చీరలు, గవే గాజులు."

అందరం ఒప్పుకున్నాం. ఒక్కళ్లు మాత్రం ఒప్పుకోలేదు. ఆ అమ్మాయి గురువారం మధ్యాహ్నమే పుట్టేసింది.

లలితమ్మగారు టికెట్ ముందుకి మార్చుకుని వచ్చారు. ఇరవై ఒకటో రోజు పాపని ఉయ్యాల్లో వేసేముందు, ఆంటీ పట్టుబట్టి ఆగిపోయిన సీమంతం పూర్తి చేయించారు. అవే చీరలు, అవే గాజులు, ఒళ్లో పాప. తన సీమంతానికి తానే వచ్చి, హారతి టైముకి ఆవలించిన పిల్ల ప్రపంచంలో ఇదొక్కతే. ఆల్బమ్ చూస్తే ఇంకా చిత్రం. గాజులు తొడిగేటప్పుడు బిడ్డ ఒళ్లో ఉంటుంది, భోజనాల దగ్గరకొచ్చేసరికి మళ్లీ కడుపులోకి వెళ్లిపోతుంది.

కూతురికి తన చేత్తో గాజులు తొడిగి లలితమ్మగారు నా దగ్గరకొచ్చారు. "నేను లేకుంట అయిపోయిందని మనసుల ఉండె. ఇప్పుడు నా చేతులతోనే చేసిన. మంచిగనే తుడిచినవ్ బిడ్డా" అన్నారు. మూడు వారాలుగా గుండె మీదున్న బండ దిగిపోయింది.

పైగా నా కెమెరా తెచ్చి నా చేతిలోనే పెట్టారు ఆంటీ. "నువ్వే తియ్యాలె." ఇంత జరిగాక కూడా నన్ను నమ్మారు! కళ్లనిండా నీళ్లతో కిందా మీదా పడి, కుర్చీ ఎక్కి మరీ వందల ఫోటోలు తీశాను. కెమెరా తెర మూల ఏవో చిన్న అక్షరాలు మెరుస్తున్నాయి కానీ, ఆ నీళ్లలో కనబడలేదు. చుట్టూ ఏడెనిమిది ఫోన్లు ఎందుకు లేచాయో కూడా పట్టించుకోలేదు.

అంతా అయ్యాక మూత తీసి చూస్తే లోపల కార్డు లేదు.

"ఆంటీ! ఇందులో కార్డేదీ?"

"నేనే తీసిన" అన్నారు ఆంటీ తాపీగా. "ఫోటోలు ఫోన్లల్ల పడ్డయ్. సంతోషంగనే ఉంటివి గదా, ఇంకేం గావాలె?"

కాబట్టి మీ అందరి సాక్షిగా, దేవుడి అర వైపు తిరిగి ప్రమాణం చేస్తున్నాను. ఒక కార్డు మీద బొట్టు చూసి ఇంకోదాని ముఖం చూడకుండా ఉండను. చెరిపేయమంటావా అని ఏ యంత్రం అడిగినా నలుగురు పెద్దల్ని పిలిచి, తాంబూలాలిచ్చి, ఆ తర్వాతే సమ్మతమంటాను. ఇకమీదట ఎవరు ఎంత ప్రేమగా నా చేతిలో ఏం పెట్టినా, ముందు దాని వైరు ఎక్కడికి పోతోందో వంగి చూసుకుంటాను.