అరుంధతి మీద ఉల్లివాసన

మా తోడికోడలు అరుంధతి మందుల కెమిస్టు. మందులమ్మే కొట్లో కాదు, ఊరవతల ఒక కంపెనీ ల్యాబులో. బీపీ మాత్రకు కావాల్సిన ముడిసరుకును తక్కువ చెత్తతో, తక్కువ తిప్పలతో తయారుచేసే దారి వెతకడం ఆమె పని. వినడానికి గొప్పగానే ఉంటుంది. సాయంత్రం చిక్కడపల్లి మెట్రోలో దిగిందంటే మాత్రం జనం ముక్కులు మూసుకుని పక్కకు జరుగుతారు.

ఎందుకంటే పాత పద్ధతిలో ఆ సరుకు ఒక గంధకపు ద్రవం లేనిదే తయారవదు. దాని కంపు కుళ్లిన ఉల్లి, వెల్లుల్లి కలిపి నూరినట్టుంటుంది. సీసా మూత తీసిన రోజల్లా జుట్టును వదలదు, సబ్బుకు లొంగదు.

అశోక్‌నగర్‌లోని మా ఇంట్లోనేమో తాతల కాలం నుంచీ ఉల్లి, వెల్లుల్లి గడప దాటి రాలేదు. మా అత్తగారు ప్రభావతి ముక్కు పోలీసు కుక్కకు పాఠాలు చెప్పేది. ఇక చూసుకోండి.

"ఏం తిన్నవే బయట? ఎల్లిగడ్డ కారమా?"

"లే అత్తమ్మా, అది ల్యాబుల వాసన."

"ల్యాబుల ఉల్లిగడ్డలు కోస్తరా? ఎవరికి చెప్తున్నవ్?"

టిఫిన్ డబ్బా మూత తీసి మరీ వాసన చూసేది మహాతల్లి. చివరికి అరుంధతికి వంటింట్లోకి, దేవుడి గదిలోకి రావడం బందు పెట్టింది. వంట తప్పితే నేనైతే పండుగ చేసుకునేదాన్ని. ఈ పిచ్చిది ఏడ్చింది. "తినకుండనే దొంగనైన అక్కా," అంది. ఆమె మొగుడు అభిజిత్ ఫోనులోంచి తలెత్తలేదు. వంటంతా నా నెత్తిన పడింది కాబట్టి నాకూ ఒళ్లు మండింది.

ఆ ద్రవం లేకుండానే పని జరిగే దారి అరుంధతి కనిపెట్టింది. చిన్న గాజుబుడ్డిలో బ్రహ్మాండంగా కుదిరింది. పెద్ద పాత్రలో చేస్తే వేడెక్కి అంతా నల్లటి జిగురైంది. "పాత పద్ధతి మంచిగనే నడుస్తుంది కదమ్మా, ఎందుకీ పరేషాన్?" అన్నాడట బాసు విద్యాసాగర్. వాడికేం, ఏసీ గదిలో కూర్చుంటాడు. బతిమాలితే ఇంకొక్కసారి చూడమన్నాడు. కుదరకపోతే పాత కంపే ఖాయం.

"అంతా ఒక్కసారే కుమ్మరించినం అక్కా. ఉప్మాల రవ్వ పోసినట్టు కొద్దికొద్దిగ పోస్తూ చల్లబర్చాలె," అంది ఆ ఆఖరి ప్రయత్నం రోజు పొద్దున. దేవుడి గది బయటే నిలబడి దండం పెట్టుకుని వెళ్లింది.

సాయంత్రం ఫోను. "అయింది అక్కా! తెల్లగ, పొడిపొడిగ వచ్చింది! జర నారాయణగూడకు రా."

వెళ్లేసరికి తోపుడుబండి దగ్గర వేడివేడి ఉల్లిపాయ పకోడీ పొట్లం పట్టుకుని ఉంది. "ఇన్నేండ్లు తినకుండనే తిట్లు పడ్డ. ఇయ్యాల తింట," అంది. నేనూ తిన్నాను. అబద్ధమెందుకు, రెండో పొట్లం నేనే అడిగాను.

ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉంది. నేను ఓ అడుగు వెనక్కి వేశాను. ఆమె అరుంధతి జుట్టు దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీల్చింది. ఏళ్ల తరబడి ఆ మహా కంపు భరించిన ముక్కు. దానికి పకోడీ ఒక లెక్కా?

"మానేసినవా బిడ్డా! ఎప్పటికైన మానుతవని నాకు తెల్సు. పో, కాళ్లు కడుక్కొని దేవుని దగ్గర దీపం పెట్టు."

"అత్తమ్మా, నేను అసలు..." అని అరుంధతి మొదలుపెట్టింది. గట్టిగా గిల్లాను. కళ్లనిండా నీళ్లతో లోపలికి వెళ్లి దీపం వెలిగించింది.

"నువ్వేందే సంయుక్తా, ఏం మాట్లాడవు?" అంది అత్తగారు నావైపు తిరిగి.

తల మాత్రం ఊపాను. నోరు తెరిస్తే కదా వాసన!