నడుముకు కుదిరిన సీటు

మా ఆయన మోటారు సైకిలు దిగలేకపోవడం స్టేషన్ రోడ్డులో సగం బజారు చూసింది. ఎండాకాలం. తొర్రూరు దగ్గరి పల్లెలో ఆయిల్ ఇంజను బాగుచేసి, గుంతల రోడ్ల మీద వరంగల్ దాకా వచ్చి మా దుకాణం ముందు బండి ఆపారు. ఒక కాలు నేల మీద పెట్టారు, రెండో కాలు లేవలేదు. నడుము పట్టేసింది. పక్క దుకాణాల వాళ్లు పరుగెత్తుకొచ్చి చంకల కింద చేతులు వేసి దింపి, లోపల బల్ల మీద పడుకోబెట్టారు.

మాది పంపుసెట్ల సామాన్ల దుకాణం. డెబ్బైల నడిమి మాట ఇది. మామగారు గల్లాపెట్టె దగ్గర కూర్చునేవారు, మా ఆయన ఊళ్లు తిరిగేవారు. ఏ రైతైనా వచ్చి ఇంజను నిలబడిపోయిందంటే, పనిముట్ల సంచి క్యారియర్‌కు కట్టుకుని అప్పటికప్పుడు బయల్దేరేవారు. పొలం ఎండుతుంటే రేపు వస్తానని చెప్పడం ఆయనకు చేతకాదు. మా దుకాణానికి పేరు తెచ్చింది ఆ గుణమే.

పెద్ద దవాఖానలో డాక్టరు నెమ్మదిగా నొక్కి చూశారు. "ఎముకకు ఏం కాలే. కొన్నాళ్లు పడుకోండ్రి. బండి మానితే మంచిది. మానలేరంటే సీటన్న మార్చుండ్రి. వెనక ఆసరా లేక దెబ్బంతా నడుముకే తగుల్తాంది" అన్నారు.

ఇంటికొచ్చిన వారానికి మామగారు తీర్పు చెప్పేశారు. "బండి అమ్మేద్దాం. ఇగ బస్సుల పోతడు."

"బస్సు దిగినంక పొలందాక ఈ ఇనుమంతా ఎవరు మోస్తరు నాయినా?" అని మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ మనిషి అలా గోడవైపు తిరగడం నేనెప్పుడూ చూడలేదు.

"మామా, అమ్ముడు ఎప్పుడైనా అమ్ముకోవచ్చు. ముందుగాల సీటు మార్చి చూద్దాం" అన్నాను.

మామగారు నవ్వారు. "మోటరుసైకిలుకు గద్దె చేయిస్తవా కోడలా?"

"చేయిస్త మామా."

ఆ ధైర్యం నాకు ఒక పాత బొంత వల్ల వచ్చింది. ఆయన మంచం మీద లేచి కూర్చుని అన్నం తినడానికి వీపు వెనక బొంత మడిచి పెట్టేదాన్ని. భుజాల దగ్గర పెడితే ముందుకు వంగిపోయేవారు. మరీ కిందికి పెడితే మూలిగేవారు. మొలతాడుకు పైన, అరచెయ్యి పట్టేంత చోట పెడితే మాత్రం ముఖం విప్పారేది. "ఆ, గాడనే. గాడనే ఉంచు" అనేవారు. ఆసరా ఎక్కడ కావాలో నా చేతికి తెలిసిపోయింది.

ఇక కింద కూర్చునేది ఎలా ఉండాలి? ఆయన లేచి నడవగలిగాక, వచ్చిన ప్రతి సీటులో కూర్చుని చూడమన్నాను. రిక్షా మెత్త, మంగలి దుకాణం కుర్చీ, సినిమా హాలు కుర్చీ, ఒకటేమిటి! బస్టాండులో తెలిసిన డ్రైవరు ఉంటే, బస్సు ఆగి ఉన్నంత సేపూ మా ఆయన్ని డ్రైవరు సీటులో కూర్చోబెట్టాను. సినిమాకు తీసుకుపోయింది కూడా కుర్చీ కోసమే. ఇంటర్వెల్ దాకా హాయిగా కూర్చున్న మనిషి, ఆ తర్వాత ఒరగడం మొదలుపెట్టారు. కుర్చీలో దిగబడిపోయి నడుము వంకర తిరిగింది. అదే డ్రైవరు సీటు గట్టిగా ఉంది, కానీ లేచేటప్పుడు ఆయన చేత్తో నడుము పట్టుకోలేదు. సీటు మంచిచెడ్డలు కూర్చోగానే తెలియవు, లేచేటప్పుడు తెలుస్తాయి. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నేనే కనిపెట్టుకున్నాను.

మండీ బజార్లో లారీలకూ రిక్షాలకూ సీట్లు కుట్టే ఒక పెద్దాయన ఉండేవారు. అందరూ చాచా అనేవారు, నేనూ అలాగే పిలిచాను. మా బండికి విడివిడిగా స్ప్రింగుల సీట్లు ఉండేవి. వాటిని తీసేసి ఇద్దరికీ కలిపి ఒకే పొడవాటి సీటు చేద్దామన్నారు. లావుపాటి ఫోము పరిచి, "కూసో బేటీ. మబ్బు మీద కూసున్నట్టుంటది" అన్నారు.

కూర్చున్నాను. చాయ్ తెప్పించారు. చాయ్ తాగుతూ, కబుర్లు చెబుతూ లేవకుండా అలాగే కూర్చున్నాను.

"చాచా, మబ్బు కరిగిపోయింది. కింద చెక్క తగుల్తాంది" అన్నాను.

ఆయన పకపకా నవ్వి, ఫోము పీకి పక్కన పెట్టారు. కింద కొబ్బరి పీచు దట్టంగా కూరి, పైన మాత్రం పలుచగా ఫోము వేయాలని ఇద్దరం అనుకున్నాం. వెనకవైపు వెడల్పు, ముందుకు వచ్చేకొద్దీ సన్నం, లేకపోతే తొడలు ఒరుసుకుంటాయి, కాళ్లు నేలకు అందవు. నల్ల రెగ్జిను మన ఎండలకు పెనంలా కాలుతుంది కనుక, పైన విప్పి ఉతుక్కునే మందపాటి ఖాకీ గుడ్డ తొడుగు నేనే కుట్టాను. నడుం ఆసరాకు వెల్డింగు దుకాణంలో ఇనుపరాడ్డు వంచి, దిండు బిగించి, సీటు కింది చట్రానికి బోల్టులు వేయించాం.

మొదటిసారి కుదరలేదు. కాజీపేట దాకా పోయి వచ్చి, "నడుము బాగనే ఉంది గని, ఎవరో ఎనకనుంచి తోస్తాన్నట్టున్నది. మణికట్లు గుంజుతున్నయి" అన్నారు. ఆసరా మరీ ముందుకు వచ్చింది, ఎత్తు కూడా ఎక్కువైంది. ఆయన్ని బండి మీద కూర్చోబెట్టి, హ్యాండిలు పట్టుకోమని, బొంత పెట్టినచోటే నా అరచెయ్యి పెట్టి, "చాచా, రాడ్డు ఈడికి రావాలె. దీనిమీదికి ఒక్క వేలు సుత వద్దు" అన్నాను. పక్కనున్న లారీ డ్రైవర్లు పని ఆపి చూస్తున్నారు. సిగ్గు వేయలేదు.

రెండోసారి నెక్కొండ పోయి వచ్చారు. దుకాణం ముందు ఆపి, కాలు తిప్పి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగారు. నిలబడే చెంబెడు నీళ్లు తాగారు. మామగారు గల్లాపెట్టె మీంచి తల ఎత్తి చూసి, మళ్లీ లెక్కల్లో పడ్డారు. బండి అమ్మే మాట మాత్రం ఆ తర్వాత ఇంట్లో వినపడలేదు.

ఆ చలికాలంలో ఏటూరునాగారం నుంచి కబురొచ్చింది. గోదావరి ఒడ్డున ఒక రైతు పొగాకు తోటకు నీళ్లు ఆగిపోయాయి. అంత దూరం మా ఆయన ఎన్నడూ బండి మీద పోలేదు. పోతానన్నారు. "నేను సుత వస్త" అన్నాను. సీటు నిజంగా పనికొచ్చిందో లేదో నా కళ్లతో చూడాలనిపించింది.

అయితే వెనక కూర్చునే నాకు ఆసరా ఎలా? చాచా తల గోక్కున్నారు. "చీరె కట్టుకున్నోళ్లు పక్కకు తిరిగి కూసుంటరు గదా. ఎనక దిండు పెడితే ఏం ఫాయిదా?"

"నా వీపు కుడిపక్కకు ఉంటది చాచా. దిండు గూడ కుడిపక్కకే పెట్టుండ్రి."

అలా పెట్టిన దిండు వరంగల్‌లో అంతకు ముందు నేను చూడలేదు.

తెల్లవారగానే బయల్దేరాం. ములుగు దాటి, పస్రా దాటి, తాడ్వాయి అడవిలోకి పోయేసరికి రెండు పక్కలా టేకు చెట్లు, ఎర్రటి దుమ్ము, చెవులు బిగుసుకుపోయేంత చలిగాలి. గుంత వచ్చినప్పుడల్లా ముందున్న ఆయన నడుము దిండుకు ఆనుకుని, మళ్లీ నిటారుగా లేచేది. నా చూపంతా అక్కడే.

"నొస్తాందా?" అని అడుగుతూనే ఉన్నాను.

"నొస్తలేదు. జర అడవి చూడు!" అని అరిచారు. అప్పుడు చూశాను అడవిని.

తోట దగ్గర బండి దిగి, సంచి భుజాన వేసుకుని, ఆయన గట్టు మీద గబగబా నడిచిపోయారు. ఇంజను ముందు గొంతుక్కూర్చుని విప్పారు, తుడిచారు, బిగించారు. మధ్యాహ్నానికి అది దడదడలాడింది. పైపులోంచి ముందు బురద, తర్వాత తెల్లటి నీళ్లు దూకాయి. రైతు చెప్పులు విప్పి కాలువలో నిలబడి నవ్వాడు. రైతు భార్య మాత్రం మా బండి చుట్టూ తిరిగి, దిండ్లు నొక్కి చూసింది.

"గివి బండితోనే వచ్చినయా అక్కా?"

"లేదు. నేను చేయించిన" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. తాళి కట్టిన నాడు గానీ, కొడుకు పుట్టిన నాడు గానీ నా చేతులను చూసుకుని నేను అంత గర్వపడలేదు.

తర్వాత చాలామంది వచ్చారు. ఊళ్లు తిరిగే మందుల ఏజెంట్లు, పాల వ్యాపారి, ప్రతి ఆదివారం పల్లెపల్లెకూ ప్రార్థనలకు పోయే ఒక పాస్టరుగారు. అందరికీ నేను చెప్పేది ఒకటే. మెత్తగా ఉందని మోసపోకండి, లేచేదాకా కూర్చుని చూడండి, నడుము ఎక్కడ అడుగుతుందో అక్కడే ఆసరా పెట్టించండి. చాచా కూడా కొత్తవాళ్లు వస్తే, "పోయి ఆ స్టేషన్ రోడ్డు బేటీని అడిగి రాండ్రి" అని మా దుకాణానికే పంపేవారు. ఎనభైలు వచ్చేసరికి బండ్లు మారాయి, సీట్లు మారాయి. మా ఆయన మాత్రం ఊళ్లు తిరగడం మానలేదు.

ఒక సాయంత్రం పాస్టరుగారి భార్య ఒంటరిగా మా దుకాణానికి వచ్చింది. పెళ్లయినప్పటి నుంచి భర్త ఊళ్లు తిరగడమే గాని, ఆమె ఎప్పుడూ వెంట పోలేదు. వెనక కూర్చుంటే పడిపోతానని భయమట.

"అమ్మా, కుడిపక్కకు దిండు పెడ్తరంట గదా మీరు? నాక్కూడ అటువంటిది కావాలె. ఈ పండక్కి నేను సుత ఆయనెంబడి పల్లెలకు పోత" అంది.

గల్లాపెట్టె దగ్గరి స్టూలు లాగి, పక్కకు తిరిగి కూర్చోమన్నాను. ఆమె వీపు మీద అరచెయ్యి పెట్టి, "ఈడనా? జర కిందికా?" అని అడిగాను.