మీసాల విద్వాంసుడి ప్లేటు

ఆ రోజుల్లో అనంతపురంలో తనకు సంగీతం తెలియదని ఒప్పుకున్నవాణ్ణి నేను ఒక్కణ్ణీ చూడలేదు. వాన ఎప్పుడొస్తుందని అడిగితే "ఎవరికి తెలుసప్పా" అని నిజాయితీగా చేతులెత్తేసే పెద్దమనుషులు, రాగం పేరు అడిగితే మాత్రం కళ్లు మూసుకుని తల పంకించేవారు. ఈ జబ్బు నాకు ఇరవై ఒకటో ఏట, తాలూకాఫీసులో గుమాస్తాగా చేరిన కొత్తలో తగులుకుంది. తగిలించినవాడు మా హెడ్ గుమాస్తా.

ఆయన వారంలో ఆరు రోజులు నాకు పైఅధికారి, ఆదివారం పాతూరు బడి వరండాలో జరిగే పుస్తకాల మార్పిడి సంఘానికి అధ్యక్షుడు. ఇంట్లోంచి ఒక పుస్తకం తేవాలి, మరొకరు తెచ్చింది ఒకటి పట్టుకుపోవాలి, అంతే నియమం. ఉద్దేశం గొప్పదే, కాదనను. కానీ జనం ఇష్టమైన పుస్తకం తెస్తారా, వదిలించుకోవాల్సింది తెస్తారా? నాలుగేళ్ల కిందటి పంచాంగాలు, వేరుశనగ తెగుళ్ల మీద సర్కారువారి కరపత్రాలు గుట్టలుగా వచ్చిపడేవి. చివరి కాగితాలు ఊడిపోయిన డిటెక్టివ్ నవల ఒకటి ఊరంతా తిరిగింది. (హంతకుడు వంటవాడని నేను, డాక్టరని హెడ్ గుమాస్తా. ఆయన సీనియర్ కాబట్టి డాక్టరే హంతకుడయ్యాడు.) సంఘంలో కార్యదర్శి పదవి ఖాళీగా ఉంది, దాని మీద నా కన్నుపడింది. సాహిత్య సేవకని అనుకునేరు. ఆ ఏడు వానలు మొహం చాటేయడంతో గుమాస్తాలందర్నీ కరువు పనుల తనిఖీకి ఊళ్ల మీదికి తోలుతున్నారు. కంకర కొట్టేచోట మిట్టమధ్యాహ్నం నిలబడాలి. కార్యదర్శి అయినవాడి పేరు మాత్రం హెడ్ గుమాస్తా ఆ జాబితాలో రాయడని ఆఫీసంతా అనుకునేవారు.

అలాంటి ఒక ఆదివారం బజారు వీధి దర్జీ సాయిబు, కూతురికి చదువుకోవడానికి పుస్తకం కావాలంటూ, మార్పిడికి ఒక గ్రామఫోను ప్లేటు పట్టుకొచ్చాడు. హెడ్ గుమాస్తా దాన్ని ఎండకు ఎత్తి చూసి, "దీనికి పేజీలు యాడుండాయప్పా?" అన్నాడు.

"రెండు పక్కలుండాయి గదా సామీ. ఒక పక్క అయిపోయినాక తిప్పల్ల."

"చదివేదెట్లా?"

"సూది కావల్ల. మీకు కండ్లద్దాలు కావల్ల గదా, అట్లనే."

సంఘం గంటసేపు తర్జనభర్జన పడి, నడుమ ఏదో అచ్చు ఉంది కాబట్టి అది పుస్తకమేనని తేల్చింది. తేల్చగానే నియమం ప్రకారం నంబరు చీటీకి మైదా జిగురు దట్టంగా పూసి, సరిగ్గా ఆ అచ్చు మీదే అంటించింది. పాడినవాళ్ల పేరు ఆ చీటీ కింద సమాధి అయిపోయింది. సాయిబుకు చదువు రాదు, పేరేమిటో ఆయనకూ తెలియదు. బదులుగా ఆయనకు వేరుశనగ తెగుళ్లు దక్కాయి. ప్లేటు నేను తీసుకున్నాను.

నాకు గ్రామఫోను పెట్టె లేదు గనక రోజూ సాయంత్రం సాయిబు అంగడికే పోయి వినేవాణ్ణి. అబ్బ, ఏం గొంతు అది! బరువుగా, నింపాదిగా, ఒక్కో స్వరం దగ్గర ఆగి ఆలోచించుకుని ముందుకు కదిలేది. అంతవరకూ పాటంటే పెళ్లి మేళమని అనుకున్నవాణ్ణి, నా ఒళ్లు జలదరించింది. ఈ మహావిద్వాంసుడి సంగతి ఆఫీసులో చెప్పగానే హెడ్ గుమాస్తా కూడా వచ్చి విన్నాడు. కళ్లు మూశాడు, తల పంకించాడు. "ఈయన్నే నేను బళ్లారిలో చూసినా. ముందు వరసలో కూసున్నా. ఇంతింత మీసాలు" అని సాయిబు కత్తెర తీసుకుని గాల్లో కొలత చూపించాడు. సాయిబు ఏదో అనబోయి, తల దించుకుని మిషను తొక్కుకున్నాడు.

సంఘం వార్షికోత్సవానికి తాసిల్దారుగారు వస్తున్నారని తెలిసి హెడ్ గుమాస్తా నన్ను పక్కకు పిలిచాడు. "ఆ విద్వాంసుని మీద పది నిమిషాలు మాట్లాడు. బాగా మాట్లాడితే కార్యదర్శివి నువ్వే" అన్నాడు. నేను పావుగంట మాట్లాడాను. అరవై ఏళ్ల సాధన అన్నాను, ఇంతింత మీసాలన్నాను. జీవితంలో ఢక్కామొక్కీలు తిన్న మగవాడి గొంతు అన్నాను. (నేనప్పటికి తిన్న ఢక్కామొక్కీలు హోటలు భోజనం ఒక్కటే.) తర్వాత తాసిల్దారుగారి ఇంటినుంచి తెచ్చిన సొంత గ్రామఫోనుకు నిండా కీ ఇచ్చి ప్లేటు పెట్టారు.

అందులోంచి పదేళ్ల ఆడపిల్ల గొంతు చెంగున దూకింది.

తాసిల్దారుగారు కాసేపు ఓపికగా విని, "మీసాలాయన ఎప్పుడొస్తాడయ్యా?" అన్నారు. జనం పగలబడి నవ్వారు. హెడ్ గుమాస్తా మాత్రం నవ్వలేదు, లేచి నిలబడ్డాడు. "ఎండకు ప్లేటు చెడిపోయింది సార్. గొంతు మారిపోయింది" అన్నాడు. మా జిల్లాలో ఎండ మీద నెపం వేస్తే కాదనే మొనగాడు లేడు. ఆయన నా వైపు తిరిగి, "ఏమప్పా, నువ్వేమంటావు?" అని నిలదీశాడు.

నిజం చెప్పాలంటే నా చెవులు ఆ పిల్ల దగ్గరే ఉన్నాయి. ఆ నింపాది గొంతు కంటే ఈ గొంతు వందరెట్లు బాగుంది. ఉరుకుతోంది, ఆడుకుంటోంది, ఎక్కడా తడబడటం లేదు. సార్, సూది తీయొద్దు, ఈ పిల్ల అద్భుతంగా పాడుతోంది అని చెప్పాలని గొంతుదాకా వచ్చింది. కళ్లముందు కంకర గుట్టలు కనిపించాయి. "అవును సార్, ఎండే" అన్నాను. తాసిల్దారుగారు సగంలో సూది ఎత్తేశారు. ఎండవేడికి గొంతు మారినందువల్ల ప్లేటును సంఘం జాబితానుంచి తొలగించడమైనదని సంఘంవాళ్లు తీర్మానం రాశారు. కొత్త కార్యదర్శిగా దాని కింద మొదటి సంతకం నాది.

సభ అయ్యాక సాయిబు వచ్చి వేరుశనగ తెగుళ్లు నా చేతిలో పెట్టి ప్లేటు అడిగి తీసుకున్నాడు. "మా పెట్టెలో స్ప్రింగు సచ్చి మూడేండ్లాయ. మెల్లగా తిరగతాది, గొంతు లావైతాది" అన్నాడు.

"ముందే ఎందుకు చెప్పలేదన్నా?"

"మీరంతా సదువుకున్నోళ్లు. తలకాయలు ఆడిస్తాంటిరి. నేనెట్ల చెప్పేదప్పా?"

ఆ ఎండాకాలమంతా నేను నీడలోనే ఉన్నాను, సంఘం పుస్తకాల బీరువా తాళంచెవి మొలకు కట్టుకుని. ఇప్పుడు ఏ కచేరీకి పోయినా పక్కాయన ఇది ఏ రాగమండీ అంటే, "తెలీదు, బాగుంది" అంటాను. ఇంత చిన్న మాట నోట్లోంచి రావడానికి తల నెరిసింది. ఆ బక్కపలచని గుమాస్తాను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. ఆ వెర్రివాడు సాయిబు పెట్టె మీద ఆ పాటను ఎన్నిసార్లు చివరిదాకా విన్నాడో! ఆ పిల్ల గొంతులో మాత్రం సగమే విన్నాడు.