అరచేతుల మధ్య కంట్రోల్ సీసా

1993లో మహారాష్ట్రలోని సోలాపూర్‌లో, మా తెలుగువాళ్లు ఉండే దాజీ పేట్ దగ్గరి ఒక ఆసుపత్రి ల్యాబులో ఆయాగా పనిచేసేదాన్ని. అక్కడ ఆయాను మావశీ అంటారు. నాలుగో తరగతితో నా బడి ఆగింది. అంతకుముందు వాడకట్టులో అందరిలాగే బీడీలు చుట్టాను.

ఆ ఏడే రక్తాన్ని పరీక్షించే మిషన్, సెల్ కౌంటర్, వచ్చింది. టెక్నీషియన్ సులభా బాయి ముందు కంట్రోల్ పెట్టనిదే రోగుల రక్తం ముట్టేది కాదు. కంట్రోల్ అంటే ఎంత బలం ఉందో ముందే తెలిసిన రక్తం. కంపెనీ చిన్న సీసాలో పంపేది. మిషన్ ఆ అంకె సరిగ్గా చెబితేనే దాన్ని నమ్మాలి. ఫ్రిజ్ నుంచి తీసిన సీసాను గట్టిగా ఊపకూడదు, రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి. ఆ పని నాకు అప్పగించింది. బీడీ చుట్టిన చేతులకు అదేమీ కష్టం కాదు. కానీ మంచి రక్తాన్ని రోజూ మిషన్‌కు తాగించడమే నాకు నచ్చేది కాదు. నేను నూనె చుక్క కూడా పారబోయనిదాన్ని.

ఒకరోజు మా పక్కింటి నర్సవ్వ కోడలు లక్ష్మి రక్తం పరీక్షకు వచ్చింది. పచ్చి బాలింత. హిమోగ్లోబిన్, అంటే రక్తంలో బలం, తొమ్మిది ఉంటే ఇంటికి పంపుతానని డాక్టరు అన్నారట. నర్సవ్వ తలుపు దగ్గరే నిలబడింది. బీడీ ఆకు నానబెట్టి వచ్చింది మరి. ఆ రోజే కత్తిరించి చుట్టకపోతే పాడవుతుంది.

అదే పొద్దు కంట్రోల్ తప్పింది. పన్నెండు రావాల్సింది పదిహేను వచ్చింది. సులభా బాయి కొత్త సీసా తీయమంది. ప్రాణం ఉసూరుమన్నా తీసి దొర్లించాను. మళ్లీ పదిహేనే.

"ఏందే రాజవ్వా, గింత పెద్ద మిషన్ షోకుకు పెట్టుకున్నరా? మా పోరిది ఒక్కటి సూడుండ్రి, పోతం," అంది నర్సవ్వ.

ఒక్కటే కదా, పెట్టేయమని నేనూ బాయితో అన్నాను.

"థాంబా మావశీ," అని బాయి మరాఠీలో ఆపింది. మాతో ఉండి నేర్చిన తెలుగులో, "అబద్ధం చెప్పే మిషన్ మాట మీద బాలింతను ఇంటికి ఎట్ల పంపుదాం?" అంది.

బాయి మిషన్ తెరిచి చూస్తే, లోపల రక్తం రంగు చూసే చిన్న గాజు అరలో మురికి పేరుకుంది. దాన్ని మందునీళ్లతో కడుగుతున్నంతసేపూ నర్సవ్వ ఆకు పోతుందని గొణుగుతూ నన్నూ కలిపి తిట్టింది. ఈసారి కంట్రోల్ పన్నెండు. అప్పుడు బాయి లక్ష్మి రక్తం పెట్టింది.

ఆరు.

నర్సవ్వకు అర్థం కాలేదు. నేనే చెప్పాను. "ఇందాక పెట్టుంటే గీ ఆరే తొమ్మిదని చెప్తుండె నర్సవ్వా. ఇంటికి తోలుతుండిరి."

ఆమె గడప దాటి బాయి దగ్గరికి వచ్చింది. "ఆకు పోతే పోనియ్. పోరికి రక్తం ఎక్కియ్యుండ్రి," అంది. ఆ సాయంత్రమే ఎక్కించారు. లక్ష్మి కోలుకుని, బిడ్డనెత్తుకుని నడిచి ఇంటికి పోయింది.

తొందరపెట్టేది మనవాళ్లే అయినా ముందు మిషన్‌ను పరీక్షించాలని ఆ రోజు తెలిసింది. కంట్రోల్ వృథా అని మళ్లీ ఎన్నడూ అనలేదు. అది కూడా ఎవరో మనిషి ఇచ్చిన రక్తమేనని తర్వాత సులభా బాయి చెప్పింది. సీసా దొర్లించాలంటే రెండు చేతులూ కలపాలి కదా. పొద్దున్నే అలా కలిపినప్పుడు, పేరు తెలియని ఆ మనిషికి ఒకటి, బాయికి ఒకటి దండం పెట్టుకుని అప్పుడు దొర్లించేదాన్ని.