అరుగు మీది చేపబుట్టలు

మా ముత్తాత ఈ అడవి మడుగుకు కట్ట పోయించి చెరువు చేసినవాడు. మా తాత చుట్టుపక్కల ఊళ్ళకు పటేలు. బస్తర్ రాజ్యంలో దసరా దర్బారుకు జగదల్‌పూర్ పోతే, నిలబడి కాదు, కూర్చుని మాట్లాడినవాడు. మా నాయన ఆ కట్టకూ అలుగుకూ పెద్ద. ఇప్పుడు బీజాపూర్ నుంచి జీపుల్లో వచ్చే సర్కారు బాబులు ఆ పూడిపోయిన గుంటను చూసి, ఊళ్ళోవాళ్ళే చేపలన్నీ ఊడ్చేశారని నాతోనే అంటారు. అబద్ధం. ఆ చెరువును చంపింది మా ఇల్లు.

నా చిన్నతనంలో ఆ నీళ్ళకు మూడు వైపులా అడవి. నాలుగో వైపు కట్ట మీద నల్లమద్దులు. వాటి వేళ్ళే మట్టిని పట్టి ఉంచేవి. కొమ్మల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకునేవి. లోతులో నీటికుక్కలు గుంపుగా ఈదేవి. తొలకరి వరదకు వాగులోని చేపలు అలుగు మీదుగా ఎదురెక్కి వచ్చి, మునిగిన గడ్డిలో గుడ్లు పెట్టేవి. అందుకని మా దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. మబ్బు పట్టగానే ఊళ్ళోని దొర్ల తెగవాళ్ళూ తెలుగువాళ్ళూ వాగుకు అడ్డం పెట్టి చేపలు పట్టే తమ వెదురు బుట్టలన్నీ తెచ్చి మా అరుగు మీద పేర్చాలి. తొలి వరద తగ్గాక నాయన అలుగు చూసి వచ్చి, ఎవరి బుట్ట వాళ్ళకు తన చేత్తో ఇచ్చేవాడు. తిండికి కటకటలాడే రోజులవి. అయినా ఎవరూ ముందుగా అడగలేదు.

ఒక తొలకరికి మా చిన్నాయన, నాయనకు మాటైనా చెప్పకుండా, అలుగును బయటి ఠేకేదారుకు చేపల గుత్తకు ఇచ్చాడు. వాడి మనుషులు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు వెదురు తడిక కట్టారు. గుడ్లతో కడుపులుబ్బిన చేపలు చెరువులోకి కాదు, వాళ్ళ తట్టల్లోకి పోయాయి.

పొద్దున్నే దొర్ల పెద్దమనిషి ఒకాయన వచ్చి, అరుగెక్కి, అడగకుండానే తన బుట్ట తీసుకున్నాడు. ఇదేందని నాయన అడిగాడు.

"మీ ఇంటోడే తడిక గట్టె. ఇగ మా బుట్టలు మీకాడ ఏంటికి దొరా?"

ఆయన వెనుకే ఊరంతా వచ్చింది. అరుగు ఖాళీ అయింది.

నాయన అలుగు దగ్గరికి నడిచాడు, వెంట నేనూ పోయాను. మద్దిచెట్టు కింద చుట్ట కాలుస్తున్న చిన్నాయనను తడిక విప్పించమన్నాడు.

"బుట్టలకు కావలి గాస్తే దొరతనమా అన్నా? చేపలేమన్న నీకు దండం బెట్టినయా?"

ఠేకేదారు మనుషులు నవ్వారు. నాయన నడుములోతు నీళ్ళలోకి దిగి, తడిక కట్లు తనే కత్తితో కోశాడు. తడిక కొట్టుకుపోయింది. కానీ దిగువన అప్పటికే ఊరి బుట్టలన్నీ వాగుకు అడ్డంగా కూర్చున్నాయి. తీయమనడానికి నాయన నోరు తెరిచి, మూసుకున్నాడు. ఏ మొహంతో చెబుతాడు? ఆ మూసిన నోరు గుర్తొస్తే ఇప్పటికీ పళ్ళు పటపట కొరుకుతాను నేను.

మరుసటి తొలకరికి మా అరుగు మీదికి ఒక్క బుట్టా రాలేదు. రాకపోవడమే న్యాయం. ఎదురెక్కే చేపలు ఏటికేడు తగ్గాయి. నీటికుక్కలు ఇంద్రావతి వైపు పోయాయి, నీటికాకులూ పోయాయి. ఆకలిని ఆపుకున్న ఊరిని దొంగ అంటే నేను ఊరుకోను. బాబులు గడియారం చూసుకున్నా సరే, చెప్పాల్సిందంతా చెప్పే పంపిస్తాను.

చివరికి తమ్ముడితో ఒక పంక్తిలో కూర్చోనని నాయన పంపకాలు పెట్టాడు. కట్ట చిన్నాయన వంతుకు పోయింది. ఆ ఎండాకాలం దాని మట్టిని పట్టి ఉంచిన నల్లమద్దులన్నీ ఆయన అదే ఠేకేదారుకు అమ్మాడు.