నారి లాగే చెయ్యి

భాయ్ పోయారని భాభీ ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసు మీటింగులో ఉన్నాను. అంటే మా వంటింటి బల్ల దగ్గర, లాప్‌టాప్ ముందు. "హాస్పిటలోళ్లు ఇప్పుడే చెప్పిన్రు తమ్మీ, పొద్దుగాల ఆరింటికంట" అని ఆమె ఆగిపోయింది. ఆమె నాలుగో అంతస్తులో, నేను రెండో అంతస్తులో. మధ్యలో ముప్పై ఎనిమిది మెట్లు. పరుగెత్తి వెళ్లాల్సింది పోయి, ఎవరో చూపిస్తున్న స్లైడ్లవైపు చూస్తూ కూర్చున్నాను. ఇది పోయిన నవంబరు మాట. అప్పటినుంచీ ఆయన గురించి రాయాలనుకుంటూ వాయిదా వేస్తున్నాను, ఎందుకంటే రాస్తే అంతా రాయాలి.

భాయ్ మా ఆఫీసులో సీనియర్. హైదరాబాదు పాతబస్తీ మనిషి. చదువు ముగించి ఉద్యోగం కోసం నేను జర్మనీలోని ఈ బ్యోబ్లింగెన్ వచ్చినప్పుడు నన్ను వెంటబెట్టుకుని అన్మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు, చేయించిందీ, తమ బిల్డింగులోనే ఇల్లు ఇప్పించిందీ ఆయనే. మాది నల్లగొండ అని చెప్పగానే "ఇంకేంది, మనోడివే" అన్నారు. ఆ పూట నుంచి నేను తమ్మీని, ఆయన భాయ్.

ఆయనకు వేట పిచ్చి. అదీ తుపాకీతో కాదు, విల్లుతో. జర్మనీలో విల్లుతో వేట నిషేధం. అందుకని ఏడాదంతా ఇక్కడ తయారై, సెప్టెంబరులో ఒక్క వారం హంగేరీ వెళ్లేవారు. ఈ తిప్పలన్నీ ఎందుకని అడిగితే మాంసం కోసమనేవారు. ఇక్కడి కొట్లలో దొరికే జింక మాంసం ఆయన తినరు, హలాల్ కాదు. దేవుడి పేరు చెప్పి వదిలిన బాణానికి పడితే తినొచ్చు. "నా చేత్తోని తెచ్చి నలుగురికి పెట్టాలె తమ్మీ." నలుగురి మాట దేవుడెరుగు, పదమూడేళ్ల సొంత కూతురే "పాపా, ఇష్ ఎస్సె కైన్ ఫ్లైష్" అని, మాంసం ముట్టనని, ఆయన మొహం మీదే చెప్పేది. ఆయన పడీపడీ నవ్వేవారు. నాకు తెలిసినంతలో ఆయన తెచ్చింది రెండేసార్లు.

కరోనా వచ్చి విలువిద్య క్లబ్బు మూసేశాక ఊరి చివర ఒక ముసలి రైతు తన ఆపిల్ తోటలో చోటిచ్చాడు. వాలు నేల, కింద కొట్టం, పైన గురికి గడ్డిమోపు. తోడు లేకపోతే భాభీ పంపదు కాబట్టి నన్ను లాక్కెళ్లేవారు. లాక్‌డౌన్లో నాకూ వేరే పనేముంది? తన పాత విల్లొకటి నాకిచ్చారు. ఆయన వేటాడే అసలు విల్లు నల్లటి కర్రది, గట్టిది. చాలా నెలల తర్వాత గానీ నేను దాన్ని పూర్తిగా లాగలేకపోయాను, అదీ రోజుకు రెండుసార్లకు మించి కాదు.

ఆయన పద్ధతి వేరు. వీపున సంచీలో పది కిలోల బాస్మతి బస్తా. మా మెట్లు పదిసార్లు ఎక్కి దిగాలి, తర్వాత తోటలో వాలు ఎక్కాలి, ఎక్కిన ఆయాసంతోనే ఒక్క బాణం వెయ్యాలి. ఒక్కటే. "అడవిల రెండో బాణం ఉండదు" అనేవారు. ఆ ఒక్కదానికీ బిస్మిల్లా అనుకోవాల్సిందే, గడ్డిమోపైనా సరే. తగిలినా తగలకపోయినా ఆ పూటకు అంతే, బస్తాతో మళ్లీ కిందికి. ఆ బస్తాను భాభీ విప్పబోతే విప్పనిచ్చేవారు కాదు. పాత బియ్యం బిర్యానీకి మంచిదనేవారు.

సాయంత్రాలు సానరాయి మీద బాణాల ములుకులు నూరేవారు. పదును తన ఎడమ ముంజేతి మీదే చూసుకునేవారు కాబట్టి అక్కడ అరచేయంత మేర వెంట్రుక ఉండేది కాదు. నారికి మైనం రుద్దడం నా పని. ఖాళీ విల్లు లాగి వదలబోతే మాత్రం కోప్పడేవారు. "బాణం లేకుండ నారి ఇడువకు. విల్లు విరుగుతది. లాగినవా, మెల్లగ మళ్ల తే." ఇంకో మాట ఎన్నిసార్లు అన్నారో. "అనుమానమొస్తే బాణం మళ్ల పొదిల పెట్టు. జంతువును సగం చంపి ఇడిసిపెట్టుడు పాపం."

సీజను దగ్గరపడిందని భాభీకి అత్తరు సీసాతో తెలిసేది. ఏళ్లుగా ఆయన వెనక మెట్లెక్కితే అత్తరు వాసన వెంట ఎక్కాల్సిందే. వేటకు నెల ముందు ఆ సీసా అలమర పైకెక్కేది. జంతువులు వాసన పడతాయట. ఉల్లిపాయ కూడా మానేసేవారు. భాభీకి దానిమీదే ఎక్కువ కోపం.

మొదటి ఏడాది సరిహద్దులు, క్వారంటైన్లు అంటూ ప్రయాణం పోయింది. రెండో ఏడాదికి ఆయన నిజంగా ఉక్కులా ఉన్నారు. మాస్కు పెట్టుకుని బస్తాతో మెట్లెక్కేవారు. "గిట్ల ఎక్కితే ఊపిరి గట్టి పడుతది. నాకేం గాదు."

టీకాకు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరకడమే గగనమైన రోజులవి. భాభీ కీటాలో, పసిపిల్లల బడిలో, పనిచేస్తుంది కాబట్టి ఆమెకు ముందే వేశారు. నేను మూడు వారాలు పొద్దున్నే లేచి ఆ సైటు ముందు కూర్చుని, జూన్ చివరికి రెండు టెర్మిన్లు పట్టాను. నాకొకటి, భాయ్‌కొకటి, పది నిమిషాల తేడాతో. గంతులేస్తూ పైకి వెళ్లి చెప్పాను. ఆయన ములికి నూరుతూనే ఉన్నారు.

"ఏ చేతికి ఏపిచ్చుకోవాలె తమ్మీ? ఒకటి విల్లు పడుతది, ఒకటి నారి లాగుతది. వారం రోజులు చెయ్యి లేవదంట. మళ్ల ఆగస్టుల రెండోది. అండ్లనే సీజను. హంగేరీకెళ్లి అచ్చినంక ఏపిచ్చుకుంట, నువ్వు క్యాన్సిల్ చెయ్యి."

"భాయ్, మళ్లీ దొరకదు" అన్నాను.

"అరె, అక్టోబర్ల ఎవరు రారు, సెంటరోళ్లు ఖాళీగ కూసుంటరు, పిలిచి ఏస్తరు. చెయ్యి."

బుకింగు నా ఫోన్లో ఉంది. రద్దు చెయ్యమంటారా అని ఆ పేజీ రెండుసార్లు అడిగింది. నాకు అనుమానం ఉంది. రెండుసార్లూ అవునని నొక్కింది నేనే. భాభీకి మాత్రం సెంటర్ వాళ్లే రద్దు చేశారని చెప్పారాయన. నేను పక్కనే ఉన్నాను.

నా టీకా నేను ఎడమ చేతికి వేయించుకుని వచ్చాను. నొప్పి గోరంత, నేను చెప్పింది కొండంత. నాలుగు రోజులు తోటకు వెళ్లకుండా తప్పించుకున్నాను. నిజం చెప్పాలంటే బద్ధకం. విల్లు ముట్టుకుని చూసిందైనా లేదు. నన్ను చూసి భాయ్ తలాడించారు. "చెప్పలే? చెయ్యి పోయినట్టే."

సెప్టెంబరు ఆఖర్లో టెస్టు చేయించుకునే హంగేరీ వెళ్లారు, నెగెటివే వచ్చింది. ఎక్కడ అంటుకుందో ఎవరికీ తెలియదు. ఆఖరి రోజు అక్కణ్నుంచే ఫోన్ చేశారు. మంచె ముందుకు పెద్ద కొమ్ముల దుప్పి వచ్చిందట, ఇరవై అడుగుల దూరం, అడ్డం తిరిగి నిలబడిందట. నారి పూర్తిగా లాగారు. అప్పుడు దగ్గొచ్చింది.

"రెండేండ్లు ఊపిరి పట్టుడు నేర్చుకున్న తమ్మీ. ఒక్క దగ్గు. దుప్పి పోయింది."

ఆయన నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను వదలదు.

ఇంటికొచ్చిన మర్నాడు స్నానం చేసి, అలమర మీద సీసా దించి మణికట్టుకు రాసుకుని, "అత్తరు పాతగైంది, వాసన పోయింది" అన్నారట. భాభీ గదవతల నిలబడి ఉంది. ఆమెకు అక్కడికే వాసన ఘుమ్మని కొడుతోంది. అంబులెన్సుకు ఆమే ఫోన్ చేసింది.

ఆస్పత్రిలోకి ఎవర్నీ రానివ్వలేదు. ఒక నర్సు దయతలచి టాబ్లెట్ పట్టుకుంటే రెండుసార్లు మాట్లాడాను. రెండోసారి గొట్టాల మధ్యనుంచి అన్న మాట ఒక్కటే నాకు అర్థమైంది. "ఎక్కుతనే ఉన్న తమ్మీ, నాలుగో అంతస్తు వస్తలేదు." ఆ ఊపిరితిత్తులు గట్టివి కాబట్టే ఇన్నాళ్లు ఆగాయని డాక్టరు భాభీతో చెప్పాడట. అది ఓదార్పో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

నలభయ్యో రోజున భాభీ ఆ బాస్మతి బస్తా విప్పింది. కుట్లు కత్తిరించేటప్పుడు ఎవర్నీ సాయం పట్టనివ్వలేదు. అన్నం పొడుగ్గా, పువ్వుల్లా విచ్చుకుంది. అందరూ వెళ్లాక గిన్నెలు తోముతున్న ఆమె వెనక నిలబడి చెప్పాను, టెర్మిన్ రద్దు చేసింది సెంటర్ వాళ్లు కాదు, నేనని.

ఆమె తిరగలేదు. "ఎరికే తమ్మీ. అబద్ధం చెప్తే ఆయన చెవి గోక్కుంటడు. ఆ దినం చెవి ఎర్రగైంది." నీళ్లు కట్టేసి మళ్లీ అంది. "గంత ఖుషీగ నేనెన్నడు చూడలే ఆయన్ను. అందుకే నేను గూడ చుప్ ఉన్న. ఈ తప్పుల ఇద్దరం ఉన్నం."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. లోపలికి వెళ్లి నల్ల విల్లు తెచ్చి నా చేతుల్లో పెట్టింది. దాన్ని చూస్తూ ఇంట్లో ఉండలేనంది.

ఆ వారంలోనే నాకు బూస్టర్. నర్సు సూది సిద్ధం చేస్తూ "లింక్స్ ఓడర్ రెష్ట్స్?" అని అడిగింది. ఎడమా, కుడా. ఆమె రోజుకు కొన్ని వందలమందిని అడిగే ప్రశ్న. నేను రెండు చేతులూ మార్చి మార్చి చూసుకుంటుంటే, ఏ చెయ్యి మీకు తక్కువ అవసరమో అటు వేస్తానని తనే మెల్లగా చెప్పింది. చొక్కా కుడి చెయ్యి పైకి మడిచాను. నారి లాగేది ఆ చెయ్యే.

మర్నాడు పొద్దున నిజంగానే చెయ్యి పట్టేసింది. ముట్టుకుంటే సలుపు. విల్లు తీసుకుని తోటకు వెళ్లాను. మంచు పడి ఉంది, చెట్లకు ఒక్క ఆకు లేదు. ముసలి రైతు కొట్టం దగ్గర నన్ను చూసి టోపీ తీసి, లోపలికి వెళ్లిపోయాడు. గడ్డిమోపు పైనే ఉంది. అంచులు చెక్కుచెదరలేదు, నడిమధ్యన మాత్రం పిడికిలంత బొక్క. అందులోంచి అవతలి మంచు కనపడుతోంది.

బాణం తీసుకెళ్లలేదు. వాలు ఎక్కి, ఆయన నిలబడే చోట నిలబడి నారి లాగాను. భుజం సలిపింది. గడ్డం దాకా లాగాను. వచ్చింది. పూర్తిగా వచ్చింది.

అలాగే కాసేపు పట్టుకున్నాను. తర్వాత ఆయన చెప్పినట్టే, వదలకుండా, మెల్లగా వెనక్కి తెచ్చాను.